గ్వెల్ఫ్ నుంచి వెళ్ళిన గవర్నరు

కెనడాలోని గ్వెల్ఫ్‌కి వచ్చిన మొదటి చలికాలం నాకు కారు నడపడం రాదు. మా ఆయన యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరాడు. ఆయన చదువు మీద నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. అనంతపురంలో డిగ్రీ చదివి, హైదరాబాదులో మందుల కంపెనీలో పనిచేసిన నేను, ఇక్కడికొచ్చాక ఊరి చివర కారు విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాను. ఇనుప రేకుల్ని వత్తే ప్రెస్సుల్లోంచి వచ్చిన ముక్కల్ని లైటు కింద తిప్పి తిప్పి చూడాలి. గీతగానీ బీటగానీ కనబడితే ఎర్ర డబ్బాలో వెయ్యాలి. మిగిలినవి ప్యాకింగుకి వెళ్తాయి. రోజంతా అదే పని.

ఒకరోజు షిఫ్టు అయ్యాక గ్లవుజులు లాకరులో మర్చిపోయాను. తెచ్చుకుని బయటికొచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. మంచు అడ్డంగా కొడుతోంది. స్టాపు దగ్గర నిలబడి ముక్కు మీద చెయ్యి పెట్టుకుంటే ముక్కు ఉందో లేదో తెలియలేదు. అప్పుడొక పాత బూడిదరంగు కారు వచ్చి ఆగింది. నా టేబులు దగ్గరికి రోజూ డబ్బాలు తోసుకొచ్చే నాలుగో నంబరు ప్రెస్ ఆపరేటరు అందులో ఉన్నాడు. ఆఫ్రికా మనిషి, యాభై దాటిన వయసు, పొడగరి.

"ఎక్కు. ఇంకో బస్సు ఇప్పట్లో రాదు," అన్నాడు.

నేను కదల్లేదు. ఆయనకి అర్థమైంది. "వెనక సీట్లో కూర్చో. అప్పుడు నేను టాక్సీవాణ్ణి, నువ్వు ప్యాసింజరువి. సరేనా?"

ఆ రోజునుంచీ రోజూ ఆయనే దింపేవాడు. వారం రోజులు వెనక సీట్లోనే కూర్చున్నాను. తర్వాత నాకే నవ్వొచ్చి ముందుకి మారాను.

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నది మాత్రం అంతా తెలుగులో ఉంది. అందుకు కారణం బహుశా 'అన్నా' అన్న పిలుపే. ఒకసారి కార్లో ఉండగా మా అన్న ఇండియా నుంచి ఫోన్ చేశాడు. నేను పెట్టేశాక ఈయన అడిగాడు, "మాటమాటకీ అన్నా అన్నా అన్నావు, అదేమిటి?" చెప్పాను. "అయితే నన్నూ అట్లానే పిలువు. నిన్ను నేనేమనాలి?" చెల్లీ అనాలన్నాను. ఆయన నాలుక ఒత్తు పలకలేదు. 'చెలీ' అని వచ్చింది. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన పడీ పడీ నవ్వాడు. నేను దిద్దాలని చూశాను గానీ కుదరలేదు. చివరిదాకా నేను చెలీనే.

ఆయన దేశం పేరు రాయను. అక్కడ యుద్ధం ఇంకా ఆగలేదు, ఇందులో చెప్పబోయే మనుషుల రక్తసంబంధీకులు ఇంకా అక్కడే ఉన్నారు. అక్కడొక పెద్ద నది ఉందనీ, ఆ నదికి ఈ గట్టున ఆయన తెగవాళ్ళూ ఆ గట్టున ఇంకో తెగవాళ్ళూ ఉంటారనీ తెలిస్తే చాలు. గ్వెల్ఫ్‌లో వంతెన దాటేటప్పుడు ఆయన ప్రతిసారీ కారు కొంచెం నెమ్మది చేసేవాడు. "దీన్ని నది అంటారు వీళ్ళు. మా నదిలో పడవ ఎక్కితే కాసేపటికి ఏ గట్టూ కనబడదు," అనేవాడు. ఎండకి నీళ్ళు ఎట్లా తెల్లబడతాయో, పొగపట్టిన చేప వాసన తలగుడ్డకి ఎన్నాళ్ళు అంటుకుని ఉంటుందో చెప్పేవాడు. ఆయన చెప్తుంటే నాకు మా చేలు గుర్తొచ్చేవి. శనివారం ఇండియన్ స్టోరులో పచ్చి శెనక్కాయలు దొరికితే ఉప్పేసి ఉడకబెట్టి సోమవారం పట్టుకెళ్ళేదాన్ని. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా వలుచుకుని తినేవాళ్ళం. "మా అమ్మ ఇంకొంచెం ఉప్పు వేసేది," అనేవాడు. మా అమ్మా అంతేనని నేననేదాన్ని. అంతకంటే పెద్ద కబుర్లేమీ లేవు మాకు.

ఆయనకి ఒక్కతే కూతురు. లండన్‌లో, అంటే మా ఒంటారియో లండన్‌లో, యూనివర్సిటీలో చదివేది. భార్య ఎప్పుడో పోయింది. ఆదివారాలు ఆయన ఒక్కడే ఉండేవాడు కాబట్టి నాకు డ్రైవింగ్ నేర్పడానికి పూనుకున్నాడు. మూతపడిన షాపు ముందున్న పెద్ద పార్కింగులో నేర్పేవాడు. నేను ఇంజను ఆపేసుకుంటే ఏమీ అనేవాడు కాదు. వెనకనుంచి ఎవరైనా హారన్ కొడితే నేను గాభరా పడతానని ఒక మాట చెప్పాడు. "వెనకవాడి కోసం నడపొద్దు చెలీ. ముందున్నవాణ్ణి చూసుకుని నడుపు."

ఆయన ఒకప్పుడు ఎవరో నాకు తెలిసింది రెండో ఏడు. మా లైనుకి లీడ్ హ్యాండ్ కావాల్సి వచ్చింది. లైన్లో మిగతావాళ్ళకి పని పురమాయించే మనిషి అన్నమాట. మేనేజరు ఆయన్నే అడిగాడు. ఆయన వద్దన్నాడు. ఇంటికెళ్ళేటప్పుడు నేను ఊరుకోలేదు.

"ఎందుకొద్దన్నావన్నా? ప్రెస్ దగ్గర నిలబడే బాధ తప్పేది కదా. నీ మోకాలు చూసుకో ఎట్లా ఉందో."

వంతెన దగ్గర కారు నెమ్మది చేశాడు. తర్వాత అన్నాడు, "ఒకప్పుడు నేను లెమ్మంటే మనుషులు లేచేవాళ్ళు. పొమ్మంటే పోయేవాళ్ళు. కొందరు తిరిగి రాలేదు. ఇంక ఎవరికీ పని చెప్పను. నాకెవరైనా చెప్తే చేస్తాను. అది హాయిగా ఉంది."

అప్పుడు చెప్పుకొచ్చాడు. ఆయన బడిపంతులు కొడుకు. కాలేజీలో ఉండగా ప్రభుత్వ సైనికులు వాళ్ళ జిల్లాలో ఊళ్ళు తగలబెట్టారు. కుర్రాళ్ళంతా అడవిలోకి పోయారు. వాళ్ళతోపాటు పోయి, చదువుకున్నవాడు కాబట్టి మొదట లెక్కలు రాసి, తర్వాత తుపాకి పట్టి, చివరికి ఆ దళానికంతటికీ కమాండరయ్యాడు. ఏళ్ళ తర్వాత ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. సంతకాలు పెట్టినవాళ్ళని ఒక్కొక్కర్నీ ఇళ్ళలోంచి పట్టుకుపోవడం మొదలయ్యాక, చిన్నపిల్లని భుజాన వేసుకుని సరిహద్దు దాటాడు. క్యాంపులో జ్వరంతో భార్య పోయింది. అక్కణ్ణించి కెనడా.

నేనూ మా ఊరి సంగతి చెప్పాను. మా అనంతపురం వైపు నా చిన్నప్పుడు ఊళ్ళు రెండు వర్గాలుగా ఉండేవి. మా మేనమామ ఒక నాయకుడి వెంట తిరిగేవాడు. బాంబులు వేయించిన ఆ నాయకుడే తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు. అన్న ఇది చాలా ఆసక్తిగా విన్నాడు.

"ఎమ్మెల్యే అయ్యాక మంచివాడయ్యాడా?"

"చొక్కా తెల్లబడిందన్నా," అన్నాను.

స్టీరింగు మీద చేత్తో కొడుతూ నవ్వాడు. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు.

ఆ మరుసటేడు వాళ్ళ దేశంలో మళ్ళీ యుద్ధం మొదలైంది. అన్న నన్ను ఇంటి ముందు దింపాక కారు కదిలేది కాదు. కిటికీలోంచి చూస్తే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. వారాంతాల్లో టొరంటో నుంచీ ఇంకా దూరాల నుంచీ వాళ్ళ మనుషులు వచ్చేవాళ్ళు. ఆయన అపార్టుమెంటు బయట బూట్లు వరసగా ఉండేవి. ఒక శుక్రవారం కార్లో చెప్పాడు.

"మా ఊళ్ళు మళ్ళీ తగలబెడుతున్నారు. కుర్రాళ్ళకి అడవి తెలీదు. దారి తెలిసినవాడు కావాలంటున్నారు."

"ఇంకెవరికీ పని చెప్పనన్నావు కదన్నా?"

"అన్నాను. ఇక్కడ వెచ్చగా కూర్చుని అన్నాను," అన్నాడు.

కూతురు లండన్ నుంచి వచ్చి రెండు రోజులు పోట్లాడింది. తండ్రి వాళ్ళ భాషలో మాట్లాడితే ఆ పిల్ల ఇంగ్లీషులో జవాబు చెప్పేది. "డాడ్, మెట్లెక్కలేవు నువ్వు. యుద్ధమేంటి?" అని అడుగుతుంటే నేను వాళ్ళ వంటింట్లో టీ పెడుతూ విన్నాను. ఆయన జవాబు నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల మాత్రం తర్వాత ఏమీ అడగలేదు.

ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్ళాను. అప్పటికి లైసెన్సు వచ్చిందిగానీ ఫోర్-ఓ-వన్ హైవే ఎక్కడం అదే మొదటిసారి. రెండు వైపులా లారీలు. అన్న పక్క సీట్లో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. యుద్ధానికి పోయే మనిషి నాకు ధైర్యం చెప్తున్నాడు.

"లేన్ మారకు. ఇందులోనే ఉండు. ఎయిర్‌పోర్టు ఎక్కడికీ పారిపోదు."

"నువ్వెప్పుడొస్తావన్నా?"

"మొదట మనం అక్కడికి చేరితే కదా," అన్నాడు నవ్వి.

దిగి, చిన్న సూట్‌కేసు తీసుకుని, కిటికీలోకి వంగాడు. "తిరిగి వెళ్ళేసరికి చీకటి పడుతుంది. లైట్లు వేసుకో." అంతే. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. నేను కంగారు పడకుండా, ముందున్న కారు కదిలాకే కదిలాను.

తర్వాత చాలాకాలం కూతురు చెప్తేనే కబుర్లు తెలిసేవి. దళంలో చేరాడనీ, మళ్ళీ కమాండరనే పిలుస్తున్నారనీ, వాళ్ళ ప్రాంతానికి ముఖ్యపట్టణమైన ఊరు చేజిక్కిందనీ. ఈలోగా రాజధానిలో ప్రభుత్వమే రెండుగా చీలింది. అందులో ఒక వర్గానికి ఈయన మనుషులు అవసరమయ్యారు. మీ సైన్యం మా వైపు నిలబడితే ఆ ప్రాంతం మీదే అన్నారు. అట్లా ఒకపక్క యుద్ధం జరుగుతూనే ఉండగా అన్న గవర్నరయ్యాడు.

కూతురు ఫోటో పంపింది. నల్ల సూటు, వెనక జెండా, రెండు పక్కలా బంగారురంగు అంచుల పెద్ద కుర్చీలు. నేను లంచ్ బ్రేకులో అందరికీ చూపించాను. ప్రెస్సుల దగ్గర పనిచేసే ఒక ఫిలిప్పీన్స్ ఆంటీ ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "మన నాలుగో నంబరు ప్రెస్సు గవర్నరయింది," అంది. అందరం నవ్వాం. నాకు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆ సూటు లోపల మోకాలుకి పట్టీ కట్టుకునే ఉంటాడనిపించింది.

తర్వాత వారానికో పది రోజులకో ఆయనే వీడియో కాల్ చేసేవాడు. మా లంచ్ టైముకి అక్కడ సాయంత్రం. రాజకీయాలు మాట్లాడేవాడు కాదు. "స్నో పడిందా? చూపించు," అనేవాడు. నేను కోటు వేసుకుని పార్కింగులోకి వెళ్ళి ఫోన్ చుట్టూ తిప్పేదాన్ని.

"ఇంకొంచెం ఎడమకి. ఆ కంచె పక్కన కుప్ప పోశారే, అదీ. ఆ ఎర్ర వ్యాను ఇంకా ఉందా?"

"ఉందన్నా. డోర్ ఊడిపోయేట్టుంది."

"ఉండనీ. బాగుంది."

ఆయన వెనక మనుషులు వచ్చి సెల్యూట్ కొట్టి పోతుండేవాళ్ళు. ఎవరో వంగి టీ పెట్టేవాళ్ళు. ఒకసారి గొంతు తగ్గించి అన్నాడు, "ఇక్కడ నా సంచి కూడా నన్ను మోసుకోనివ్వరు చెలీ. ఒక్కణ్ణే షాపుకెళ్ళి పాల ప్యాకెట్టు కొనుక్కుని ఇంటికి నడిచి రావాలనుంది." ఏళ్ళ తరబడి నాకు తన నది గురించి చెప్పిన మనిషి, ఇప్పుడా నది పక్కనే కూర్చుని గ్వెల్ఫ్‌లో బురద కలిసిన మంచు చూపించమంటున్నాడు. పాల ప్యాకెట్లు ఇప్పుడు వేరే రంగులో వస్తున్నాయని చెప్పాను.

ఆ శీతాకాలంలోనే ప్యాకింగులోకి ఒక కొత్తమ్మాయి చేరింది. ముప్పై లోపు వయసు, సన్నగా ఉండేది, ఎవరితోనూ కలిసేది కాదు. ఒక రోజు నేను పార్కింగులో అన్నతో మాట్లాడుతుంటే ఆమె పక్కనుంచి వెళ్తోంది. సరిగ్గా అప్పుడే ఆయన వెనక్కి తిరిగి ఎవరికో వాళ్ళ భాషలో ఏదో పురమాయించాడు. ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. నేను ఫోన్ పెట్టేశాక దగ్గరికొచ్చింది.

"ఆ మనిషి మీకెట్లా తెలుసు?"

"ఇక్కడే పనిచేసేవాడు. నాకు అన్నలాంటివాడు."

ఆమె నన్ను కాసేపు చూసింది. "నాకూ ఒక అన్న ఉన్నాడు," అంది.

లోపల కూర్చుని చెప్పింది. ఆమెది అదే దేశం, నదికి ఆ గట్టు. వాళ్ళన్న మాత్రం ఈ గట్టున, ఇప్పుడు గవర్నరు ఉండే ఊళ్ళోనే, చిన్నపిల్లల బళ్ళో పంతులు. అవతలి తెగవాడు కాబట్టి శత్రువులకి కబుర్లు చేరవేస్తున్నాడని చెప్పి, గవర్నరు మనుషులు బడికొచ్చి పట్టుకుపోయారు. పిల్లల ఎదుటే. అప్పట్నుంచీ కబురు లేదు. ఇక్కడ ఈమె, తల్లి ఇద్దరే ఉంటారు. తల్లి స్నానానికి వెళ్ళినా ఫోన్ బయట స్టూలు మీద పెట్టి, బాత్‌రూమ్ తలుపు తీసే ఉంచుతుంది.

"మీరు అడగండి," అంది. "ఉన్నాడో లేడో అడిగితే చాలు."

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయనది గుంటూరు వైపు. ఏ విషయమైనా అన్ని వైపులా చూడందే మాట్లాడడు. "మనకెందుకే ఇదంతా? ఇక్కడే ఉండిపోడానికి పీఆర్ అప్లై చేసి ఉన్నాం. ఆయన గవర్నరో మరోటో, చేతిలో తుపాకులున్న మనిషి. నువ్వేమడిగావో రేపు ఎవరికి తెలుస్తుందో ఏమో."

"నేను గవర్నర్ని అడగట్లేదు. అన్నని అడుగుతాండా."

"వాళ్ళిద్దరూ వేరు వేరనుకుంటున్నావా?"

నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా నాయకుడు ఎమ్మెల్యే అయ్యాక ఆయన ఇంటిముందు రోజూ జనం. రేషను కార్డుల కోసం వచ్చేవాళ్ళలో ఒక ఆడమనిషి కూడా వచ్చి కూర్చునేది. మొగుడు ఏమయ్యాడో చెప్పమని. గేటు దగ్గర మా మేనమామ, సారు లేడమ్మా అనేవాడు. మా అవ్వ అది విని ఇంటికొచ్చి అంది, "లేడని చెప్పేదానికి ఒక మనిసిని పెట్టుకున్నాడంటే, లోపల ఉండాడనే గదా." ఆ ఆడమనిషి చాలా రోజులు వచ్చింది. తర్వాత రావడం మానేసింది. ఎవరూ ఆమెకోసం అడగలేదు. నేనూ చిన్నదాన్ని.

తర్వాతి కాల్‌లో మంచు చూపించాక అడిగేశాను. పంతులు పేరూ, ఊరూ, బడీ, అడుగుతున్నది వాళ్ళ చెల్లెలనీ చెప్పాను. ఆయన ముఖం మారలేదు. ఫోన్ కొంచెం దూరం జరిపాడంతే.

"ఆ అమ్మాయి ఎక్కడ పనిచేస్తుంది?"

"ప్యాకింగులో. నా వెనకే."

"చూస్తాను," అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

తర్వాత కాల్స్ రాలేదు. నేను చేస్తే ఎవరో మగగొంతు మర్యాదగా, "హిజ్ ఎక్స్‌లెన్సీ మీటింగులో ఉన్నారు," అనేది. ప్యాకింగు అమ్మాయి రోజూ నా టేబులు ముందునుంచే వెళ్ళేది. అడిగేది కాదు. నా ముఖంలోకి ఒక్కసారి చూసి వెళ్ళిపోయేది.

మంచు కరగడం మొదలయ్యాక ఒకరోజు మళ్ళీ ఆయనే చేశాడు. వీడియో లేదు. మంచు ఊసు లేదు.

"నువ్వడిగింది అడగకుండా ఉండాల్సింది చెలీ."

"ఎందుకన్నా? ఉన్నాడా, లేడా?"

"అడవిలో ఉన్నప్పుడు నా మనుషులు ఏ పూట ఏం చేశారో నాకు తెలిసేది. మంచైనా చెడైనా. ఇప్పుడు నా కింద వంద ఆఫీసులున్నాయి. తెలియకుండా ఉండడమే నా ఉద్యోగం. తెలుసుకుంటే ఆ కుర్చీలో కూర్చోలేను."

నాకెక్కడినుంచి వచ్చిందో ధైర్యం. "అయితే లేచి నిలబడన్నా," అన్నాను.

అవతల దూరంగా ఎక్కడో జనరేటరు శబ్దం.

"ఇక్కడ నన్ను అన్నా అనేవాళ్ళు లేరు," అన్నాడు. "అందరూ సార్ అనేవాళ్ళే." తర్వాత, "ఉంటాను," అన్నాడు. నేను ఆయన గొంతు వినడం అదే చివరిసారి. అది చివరిసారని తెలిస్తే ఇంకా ఏమైనా మాట్లాడేదాన్ని. శెనక్కాయల గురించైనా సరే.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం నేను ఏప్రన్ కట్టుకుంటుంటే ప్యాకింగు అమ్మాయి పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. వాళ్ళన్న పక్కదేశంలోని క్యాంపు నుంచి ఫోన్ చేశాడని ముక్కలు ముక్కలుగా చెప్పింది. బతికే ఉన్నాడు. సూపర్‌వైజరు వచ్చి ఏమైందన్నాడు. ఆమె చెప్పలేకపోతే నేను చెప్పాను. ఆయన మా ఇద్దర్నీ వెళ్ళి కాసేపు కూర్చోమన్నాడు.

మొత్తం సంగతి తెలియడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది. వాళ్ళన్న కొద్దికొద్దిగా చెప్పింది ఆమె నాకు చెప్పింది. గవర్నరు కింద ఉండే ఉపాధికారి ఒకడు పాత గోదాముని జైలు చేశాడు. గవర్నరు ఒక సాయంత్రం డ్రైవరుని మాత్రం వెంటబెట్టుకుని అక్కడికొచ్చాడు. తలుపు తీయించి ఈ పంతులు పేరు పిలిచాడు. అట్లా పేరు పిలిచి తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు కాబట్టి, పంతులు తన కథ అయిపోయిందనుకున్నాడు. వెలుతుర్లోకి వచ్చాక గవర్నరు అడిగాడట, "నీ చెల్లెలు గ్వెల్ఫ్‌లో ప్యాకింగులో పనిచేస్తుందా?" ప్యాకింగంటే ఏమిటో తెలియకపోయినా తల ఊపాడట.

తర్వాత నది దాకా తనే కారు నడిపాడు. డ్రైవరు వెనక కూర్చున్నాడు. పడవ ఎక్కించేముందు ఇంకొక్కటే అడిగాడు. "చలికి తట్టుకుంటోందా నీ చెల్లెలు?"

నేను ఇది వింటూ ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చింది. నా ఏడుపు ఆగాక మిగతాది చెప్పింది.

"ఇంకొకటుంది. మీకు చెప్పకూడదనుకున్నాను. మా అన్నని పిలిచి బయటికి తెచ్చేటప్పుడు, లోపల ఒకాయన లేచి తన పేరు చెప్పాడట. గట్టిగా. తర్వాత ఇంకొకాయన. తర్వాత అందరూ. గవర్నరు గుమ్మంలో నిలబడి అన్ని పేర్లూ విన్నాడట. విన్నాక తలుపు వేయించాడట."

బయట లైను మొదలవుతున్న చప్పుడు వినిపించింది. ఇద్దరం లేచి ఎవరి చోటుకి వాళ్ళం వెళ్ళాం. ఆ రోజు ఎర్ర డబ్బాలో ఏం వేశానో నాకు తెలియదు.

వేసవి మధ్యలో వాళ్ళ దేశపు రేడియోలో గవర్నర్ని తొలగించినట్టు చెప్పారు. ఆ ఉపాధికారే కొత్త గవర్నరు. పంతుల్ని వదిలినందుకే అని ప్యాకింగు అమ్మాయి తరఫువాళ్ళు అంటారు. కాదు, రాజధానిలో పెద్దల లెక్కలు మారాయని అన్న తరఫువాళ్ళు అంటారు. ఆయన్ని రాజధానికి రమ్మన్నారు. అడవిలోకి వెళ్ళిపొమ్మని మనుషులు బతిమాలినా వినకుండా రాజధానికే వెళ్ళాడట. అక్కడ ఒక ఇంట్లో కాపలా పెట్టి ఉంచారని ఒకరు చెప్పారు. నది దాటాడని ఇంకొకరు. ఫోన్ మోగదు. ఒక చలికాలం పోయి ఇంకోటి వచ్చింది.

మా ఆయన చదువు పూర్తయింది. పీఆర్ వచ్చింది. దూరాన రెజైనాలో ఉద్యోగం వస్తే వెళ్దామా అంటున్నాడు. నేను ఇంకా ఫ్యాక్టరీ వదల్లేదు. లంచ్ బ్రేకులో పార్కింగు వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను. ప్యాకింగు అమ్మాయి తన డబ్బా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటుంది. వాళ్ళన్నని ఇక్కడికి తెచ్చుకోడానికి అప్లై చేసింది. మేం అన్నీ మాట్లాడుకుంటాం. ఆయన గురించి మాత్రం ఎప్పుడైనా, "ఏమైనా తెలిసిందా?" అని ఒక్క మాట అడుగుతుంది. లేదంటాను. సరేనంటుంది. ఆ 'సరే'లో ఏముందో నేనెప్పుడూ అడగలేదు.

కిందటి ఆదివారం అన్న కూతురు లండన్ నుంచి వచ్చింది. చదువు అయిపోయి ఇప్పుడు అక్కడే ఒక హాస్పిటల్లో పనిచేస్తోంది. తండ్రి ఒక మనిషిని కాపాడాడని ఆ పిల్లకి అప్పుడే చెప్పాను. తలుపు సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు. భోజనాలయ్యాక, నేనేదో దాస్తున్నానని తనే పట్టేసింది.

"ఆంటీ, యూ'ర్ నాట్ టెల్లింగ్ మీ సమ్‌థింగ్."

చెప్పాను. గుమ్మం, పేర్లు, తలుపు, అన్నీ. ఆ పిల్ల టేబులు మీద నీళ్ళ చుక్కల్ని వేలితో కలుపుతూ వింది. ముఖంలో పోలికంతా తండ్రిదే. అలా తల వంచుకున్నప్పుడు మరీను.

"వెన్ హీ కమ్స్, ఐ'ల్ ఆస్క్ హిమ్," అంది చివరికి. వచ్చాక నేనే అడుగుతాను అని.

వస్తే అనలేదు. వచ్చాక అంది. నేను ఆ మాట పట్టుకున్నాను. నేనూ అడగాల్సినవి ఉన్నాయి. ఆ పేర్లలో ఒక్కటైనా ఆయనకి గుర్తుందా అని అడగాలి. లేచి నిలబడమన్నందుకు నా మీద కోపం వచ్చిందా అని అడగాలి. కానీ నిజం చెప్పాలంటే, ఫోన్ మోగి అవతల ఆయన ఉంటే ఇవేవీ ముందు నోటికి రావు. ఆ ఒత్తులేని పిలుపు వినాలి నాకు. ముందు అది వినాలి. తర్వాత అడుగుతాను.